కొత్త రకం మనదే

హలో… ఆ, నేనే అన్నా, తిలక్‌ని. హోసూరు ఆస్పత్రి నుంచే.

…

ఉండు, ముందు నేను చెప్పేది విను. ఆ ఫ్లెక్స్ తీసేయించు… అదే, అంచెట్టి బస్టాండు కాడ కట్టించినావంట గదా! ‘ప్రపంచంలోనే కొత్త జీను, మా వంశానిదే’ అని! నడుమ నీ ఫోటో, మూలలో నా బిడ్డది పాస్‌పోర్టు సైజులో!

…

గర్వమా? అయ్యో, అది ర్యాంకు గాదన్నా! రక్షిత రక్తం జబ్బుకి ఇంకొకరి ఎముక మూలుగ ఎక్కించల్ల అంటే ఇద్దరి టిష్యూ రకమూ కలవల్ల. దీనిది ఇంతవరకూ లోకంలో ఎవురిలోనూ చూడని రకమంట. అంటే బయటోళ్లు దొరకరు. తెలిసిందా?

…

ఆ రకానికి పేరా? చౌడేశ్వరి అని పెట్టేదానికి అదేమన్నా ఆవుదూడా? ల్యాబోళ్లే నంబరు ఇస్తారంట… నాయన పేరూ కుదరదు!

…

రిపోర్టులు వచ్చినాయి. ఊర్లో మనోళ్లందరి చెంపల్లో దూదిపుల్ల తిప్పి తీసుకుపోయినారే, అవి. నాది సగమే కలిసింది. నీది… కలవలేదన్నా. ఆ కొత్త రకం నీకు లేనే లేదు.

…

డాక్టరమ్మని తిడితే వచ్చేస్తుందా?

…

కలిసింది ఒక్కరిదే. కెంపమ్మ వదినెది. పూర్తిగా.

…

బయటింటి పిల్ల ఎట్లవుతుంది? నువ్వు కట్టుకునింది మన అక్క కూతుర్నే గదప్పా! మన రక్తం ఆమెలో లేదా?

…

ఆవులెవురు పిండుతారా?… రాగిచేన్లోకి ఏనుగులొస్తే డబ్బా కొట్టేదీ ఆమేనా? మరి నువ్వేం జేస్తావు, ఫ్లెక్స్ కింద నిలబడుకోని ఉంటావా?

…

అన్నా… నీ కాళ్లు పట్టుకుంటాను. నిన్న అద్దం అడిగింది బిడ్డ. ఇయ్యలేదు నేను. నెత్తిన ఒక్క వెంట్రుక లేదు దానికి. భయమైతా ఉందన్నా నాకు.

…

హలో? అన్నా? ఏమది, ఆ సద్దు… ఎవురు? వదినె! ఫోను లాక్కున్నావా?

…

ఆ… ఆ… నొప్పి కొంచెం ఉంటుందంట. అబద్ధం చెప్పను… నీకు ఇష్టమైతేనే వదినె, నిన్నెవురూ…

…

సంచి సర్దేసినావా! ఎప్పుడు?… మరి అన్న?… ఆవు తంతే తన్నించుకోనీ అంటావా?

…

లేదు లేదు, ఏడవడం లేదు. జలుబు… వదినె? హలో?

…

కట్ చేసేసింది.

రక్షితా… లేమ్మా. పెద్దమ్మ వస్తా ఉంది.