ఐదు శ్రుతి

పెనుకొండలో కుళ్ళాయప్ప ఇల్లు. వాకిట్లో జీపు, ఇంజను ఆపకుండా; అందులో నాగరాజు, ఇంకొందరు కుర్రోళ్లు. లోపల కుళ్ళాయప్ప, అతని నాటకాలకు హార్మోనియం వాయించే దేవసహాయం.

“అరవద్దన్నా, గొంతు ఇంకా పాడైతాది. హిందూపురం డాక్టరు ఏమి చెప్పినాడు?”

“డాక్టరు కత ఎత్తద్దు దేవసహాయం. కేశవగాడు పొడిచింది కడుపులో. పేగులు తువ్వాల్లో పట్టుకోని పోయినా. కడుపు కుట్టించుకోని వస్తే గొంతు యాడ పోయింది?”

“మత్తిచ్చినప్పుడు గొంతులోకి గొట్టం దించినారు గదా. అది ఒరుసుకోని వాచిందంట. కొన్ని నెల్లు మెల్లగా మాట్లాడితే తిరిగొస్తాదన్నాడు. నువ్వేమో దినామూ నరుకుతా, సంపుతా అని కేకలు. ఎట్ల మానతాది?”

“మామా! పదిన్నరాయ. కేశవగాడు బెయిలు సంతకానికి స్టేషన్ కాడికి వచ్చింటాడు. కొడవండ్లు జీపులో పెట్టినాం. లెయ్!”

“వస్తాండా, ఉండు నాగరాజూ!”

“అన్నా, నాగరాజు నీ చెల్లెలి కొడుకు. పెండ్లై ఆరు నెల్లు గూడా కాలేదు. జైలుకు పంపిస్తావా?”

“ఊరి ముందర ఒట్టేసినా. ఈ పొద్దుకు ఐదు శ్రుతిలో పద్యం రాకపోతే కేశవగాని గొంతు కోస్తానని. ముప్పై ఏండ్లు ఐదుకు తగ్గి పాడినోన్ని కాను. రాజు వేషం కట్టినానంటే మైకు లేకుండా చివరి వరసకి ఇనపడతాండె. ఇప్పుడు? కుక్క మొరిగినట్ల ఉండాది.”

“పద్యం వస్తే?”

“వస్తే ఏముంది, ఒట్టు తీరినట్లే. వాన్ని కోర్టు చూసుకుంటాది.”

“అయితే పాడు. హార్మోనియం పెట్టె తెచ్చినా. ఐదే పట్టినా, ఎత్తుకో.”

“ఆ… ఆ… ఆ… థూ!”

“నీళ్లు తాగన్నా.”

“ఏం నీళ్లు! ఇన్యావా? చీలిపాయ. వాడు బతకకూడదు. నువ్వే గదరా పాడమంటివి! నువ్వే గదా!”

“మెడ… నా మెడ వదులన్నా! ఊపిరాడల్యా!”

“పాడించి నవ్వుదామనుకుంటివా?”

“నన్ను సంపితే… పెట్టె ఎవురు వాయిస్తారు? వదులు… అమ్మా! ఇంకొక్క తూరి. తిత్తిలో గాలి నిలవల్యా, తప్పు నాదే. ఇట్ల సర్దనీ. ఊ, ఇప్పుడు.”

“ఇదేనా?”

“ఇదే. ఎత్తుకో.”

“ఆ… ఆ… ఆ…”

“పైకి పో అన్నా! ఇంకా, ఇంకా!”

“ఆ… ఆ… ఆ… ఆ…!”

“మామా! నీదేనా ఆ గొంతు?”

“నాదే రా నాగరాజూ! ఐదు శ్రుతి! ఇన్యారా అందరూ?”

“ఇన్యాం. మరి కేశవగాడు?”

“ఒట్టు తీరింది. కొడవండ్లు కొట్టంలో పడేసి ఇండ్లకు పోండి. ఎవడన్నా స్టేషన్ దిక్కు పోయినాడంటే వాని కాళ్లిరగ్గొడతా!”

“మామా, ఇంత దూరం వచ్చినాక…”

“పోండ్రా!”

“అరవద్దన్నా…”

“జీపు పోయిందా?”

“మలుపు తిరిగింది.”

“సరిగా చూడు.”

“పోయిందన్నా. కూచో. చెమటలు కారతాండాయి నీకి.”

“ఇప్పుడు చెప్పు. శ్రుతి ఎంతకు దించినావు?”

“దించడమేంది? నేనేం…”

“ముప్పై ఏండ్లు పాడినోనికి తెలీదా? మూడు గదా?”

“మూడేనన్నా. కొడితే కొట్టు. ఆ పిల్లోళ్ల మొగాలు చూసి…”

“ఏటికి కొడతా? రెండో తూరి గూడా నువ్వు ఐదే పెడతావేమోనని పానం పోతాండె నాకి.”