హల్కా తూటా

“అమ్మమ్మా, తాత షికారికి పోయేటోడు గద. దుప్పిని కొట్టనీకి ఏ తూటా పట్టుకపోతుండె? మా భూపాలపల్లి అడివిల ఫారెస్టు గార్డు డ్యూటీ చేస్తుంటె గీ ఖాళీ తూటా దొరికింది నాకు.”

ఏదీ, ఇటు తే. కండ్లు సక్కగ కనబడయి, చేతుల పెట్టు. అబ్బో, గింత పొడుగున్నది. గిది దుప్పికి కాదు మౌనికా. అంటె, దుప్పి సస్తది, సావకేంజేస్తది, గని మీ తాత దుప్పికి గిసొంటిది పట్టుకపోయేటోడు కాదు. ఆగాగు, అబద్ధమెందుకు, మొదట్ల పట్టుకపోయేటోడే. పొట్టి తూటా పట్టుకపోయింది ఒక్కసారే. గా ఒక్కసారితోనే మా బతుకు మారిపాయె. ఏందది, ఫోన్ల ఎక్కిస్తున్నవా నా మాటలు? ఎక్కనీ. మీ ఆఫీసరుకు మాత్రం ఇనిపియ్యకు, పోయిన మనిషి మీద కేసు పెట్టేరు. గప్పుడు షికారి ఇంకా బందు కాలె తియ్యి.

ఇప్పుడంటె మీ అమ్మ కాడ, గీ పాలకుర్తిల పడున్న గని, నన్నిచ్చింది మానుకోట అవుతల, అడివి అంచుకున్న ఊరు. మానుకోటంటె మీరిప్పుడు మహబూబాబాద్ అంటరు సూడు, గదే. మా ఇంటెనుకకెల్లే అడివి మొదలు. ఊరి దొరకు రెండు రైఫిళ్ళుండె, ఒకటి పెద్దది, ఒకటి సన్నది. రెండూ మీ తాత చేతులనే ఉంటుండె. దొర జొన్నచేండ్లు కావలి కాసుడు, సుట్టాలొస్తె షికారి కొట్టి తెచ్చుడు, గదీ ఆయన పని. దానికి బదులు దొర మాకు ఇంత చెలక దున్నుకొమ్మని ఇచ్చిండు. గా చెలక మీదనే మేం తింటుంటిమి.

తూటాలు నేనే దాసిపెడ్దును. రేకుడబ్బల, అడుగున ఇంత బూడిద పోసి, చెమ్మ పట్టకుండ. పొడుగుయి పెద్ద తుపాకికి, పొట్టియి సన్నదానికి. మీ తాతకు పొట్టియంటె గిట్టకపోయేది. ఎందుకంటె, పొడుగుదైతె చెరువుకట్ట మీద కూసొని అవుతలి ఒడ్డుకున్నదాన్ని కొట్టొచ్చు. పొట్టిదైతె గట్ల కాదు, జర దూరమైతె దానికి బలం సాలది. బాగ దగ్గరికి పోవాలె. ఎండకాలం అడివిల ఎండుటాకులు కాలు పెడ్తె పటపటమంటయ్. దుప్పి చెవులు నీకెరికేనాయె, ఊకుంటదా?

ఇగ గా యేడు ఏమైందంటె, దొరింటికి తాసీల్దారు సాబు వస్తున్నడని చెప్పిన్రు. పట్నం కెల్లి, పెద్దమనిషి, తురకాయన. పొద్దుగాల దొర జీతగాడు ఉరుక్కుంట మా వాకిట్లకొచ్చిండు. “ఒదినే, అన్నకు చెప్పు, దోపార బువ్వలోపు దుప్పి రావాలె. హల్కా తూటా పట్టుకపొమ్మన్నడు దొర” అని ఒర్రి, ఆగకుండ పోయిండు. నాకేమినబడ్డది? హలాల్ తూటా! నవ్వు, నవ్వు. నాకు ఉర్దూ ఏడొస్తది? వచ్చేటాయన తురకాయన, హలాల్ చేసిందే తింటడు, గంతవరకు నాకెరికె. అంటె తూటాకు కూడ ఏమన్న సదివియ్యాలె కావచ్చు అనుకున్న. నీ అసొంటి సదువుకున్నదైనా గట్లనే అనుకుంటుండె, పో.

మీ తాత బర్ల కొట్టం కాడున్నడు. ఆయన వచ్చేలోపు పని కావాలని, పెద్దమనిషికి పెద్దవే మంచిగుంటయని పొడుగు తూటాలు కొంగుల మూటగట్టుకొని పాషా కాక ఇంటికి పోయిన. అంగడినాడు మ్యాకల కోసేటోడు పాషా కాక. మా నాయినతోని మంచిగుండె, నన్ను బిడ్డా అనే పిలిచేది. తూటాలు ఆయన ముంగట పెట్టి, “కాకా, జర వీటిని హలాల్ చేసియ్యే” అన్న.

ఆయన నన్ను సూసిండు, తూటాలను సూసిండు. ఇగ నవ్వుడు సురువు చేసిండు సూడు! కడుపు పట్టుకొని కూలవడ్డడు. ఆయన పెండ్లాం వచ్చి ఏందేందని అడుగుతె చెప్పనీకి మాట రాలె. నేను సిగ్గుతోని సచ్చిన. జర నిమ్మళమైనంక చెప్పిండు, “బిడ్డా, హలాల్ కాదే పిచ్చిదానా, హల్కా. హల్కా అంటె తేలికది. పెద్ద తూటా తాకితె సగం గోష్ ఖరాబైతది, జానవరు ఆడికాడనే పానం ఇడుస్తది. తేలికది తాకితె పానముండంగనే కత్తి పెట్టొచ్చు. గప్పుడే హలాలైతది, సాబు తింటడు. గందుకు చెప్పిండు దొర. పో, పొట్టియి ఇచ్చి పంపు.” ఉరికిన ఇంటికి.

మీ తాతకు గీ ముచ్చట చెప్తె ఒక్కతీరుగ నవ్విండు. నవ్వి, మల్ల మొఖం మాడ్సుకున్నడు. “పొట్టిదాంతోని దుప్పి దగ్గరికి ఎట్ల పోవాలె? తప్పిపోతె దొర ఊకుంటడా?” అన్నడు. గప్పుడు నాకు మీ అమ్మ కడుపులున్నది. చెలక పోతె ఏం తిని బతకాలె, చెప్పు? ఆయనకు గదే పరేషాన్. చెప్పులిడిచి, ఉత్తకాళ్ళతోని పోయిండు, సప్పుడు కావద్దని. పొద్దు నెత్తిమీదికొచ్చింది, తుపాకి సప్పుడు ఇనబడలె. నేను వాకిట్ల కూసొని చెవులు గాడనే పెట్టిన.

ఇగ ఆయన చెప్పిందే చెప్తున్న. వాగుల నీళ్ళ చెలిమె కాడికొచ్చిందట దుప్పి. మంచి పోతు, కొమ్ములు గింతింత. పెద్ద తుపాకే ఉంటె వాగు పక్కనున్న చెరువుకట్ట మీదికెల్లే కొట్టేటోడు. పొట్టి తూటాయె, గందుకని పొట్టమీద పాక్కుంట పాక్కుంట పోయిండు. ఎంత దగ్గరికంటె, అది నీళ్ళు మింగుతుంటె గొంతు కదిలేది కనబడ్డదట. తుపాకి బుజానికి పెట్టిండు. పెట్టి సూస్తె, దుప్పి ఎనుక తునికి పొదల ఒక చెయ్యి కదిలిందట. గాజులేసుకున్న చెయ్యి. తునికాకు తెంపుతున్నది. బీడీలకు పోయే ఆకు, ఎండకాలమంత ఆడోళ్ళకు గదే కూలి. ఆమె చీర మట్టికొట్టుకపోయి దుప్పి రంగే ఉన్నది. ఈపుకు పసిపిల్ల. జోలెల కట్టుకున్నది, నిద్రపోతున్నది.

మీ తాత తుపాకి దించిండు. దుప్పి ఇటు సూసి, ఒక్క దుంకు దుంకి పోయింది. ఆమెకేం ఎరుక లేదు, ఆకు తెంపుకుంటనే ఉన్నది. ఈన మెల్లగ ఎనుకకొచ్చిండు.

దొర కాడికి పోయి “దొరకలె” అన్నడు, గంతే. ఆమె ముచ్చట ఎందుకు చెప్పకపోతివయ్యా అని నేనడిగితె, “చెప్తె ఆడోళ్ళను అడివిలకు రానియ్యడే, వాళ్ళ కూలి పోతది” అన్నడు. దొర నలుగురి ముంగట తిట్టిండు. సాబు మంచోడు, “జానే దో, పోనియ్యి, పప్పు తింట” అన్నడట. అయినా దొర ఇనలె. తుపాకులు గుంజుకున్నడు, చెలక గుంజుకున్నడు. గా యేడు మేం పడ్డ గోస ఇప్పుడెందుకు తియ్యి. నిండు గర్భిణిని, నేను గూడ తునికాకుకే పోయిన. గంజి తాగి మీ అమ్మను కన్న.

తాత మీద కోపం రాలేదా అంటవా? రాలె. భయమైంది బిడ్డా. పాషా కాక నవ్వి తిప్పి పంపకుంటె నేను పొడుగుయే కట్టిచ్చి పంపుదును గద. ఈన కట్టమీదికెల్లే కొడ్తుండె. అది దుప్పిల కెల్లి దూసుకపోయి ఆమెకు తాకుతుండె, ఈపుమీది పిల్లకు తాకుతుండె. కట్టమీదికి గాజులు కనబడయి. చెలక పోయిందని మీ తాత ఒక్కనాడు బాధపడలె. గా చెయ్యి యాదికొచ్చినప్పుడల్ల మాత్రం నా చెయ్యి పట్టుకొని కూసునేటోడు. గట్లాంటి మొగోడు దొరికిండు నాకు. ఇప్పటికీ మస్తు యాదికొస్తడు.

“ఇప్పుడు షికారోళ్ళు ఎక్కువ కరెంటు తీగలే పెడ్తున్నరు అమ్మమ్మా. తుపాకులోళ్ళు తక్కువ.”

తక్కువే కానీ, గిది ఎవడో ఒకడు పేల్చిందే గద. అసలు నీకెవడు చెప్పిండే గీ కొలువు చెయ్యమని? కాదులే, మంచి కొలువే, నేనే మీ అమ్మతోని కొట్లాడి పంపిన. గని ఇను. గింత పొడుగు తూటా పేల్చేటోడు దగ్గరికి రాడు. యాడనో కూసొని కొడ్తడు. వానికి కదిలేది కనబడ్తది, మనిషా మెకమా తెల్వది. నీ ఖాకీ బట్టలు, ఎండుటాకులు, దుప్పి, దూరం కెల్లి సూస్తె అన్ని ఒక్కతీరుగనే ఉంటయ్. ఒక్కదానివి పోకు బిడ్డా. ఇద్దరు ముగ్గురు కలిసి పోన్రి, గట్టిగ మాట్లాడుకుంట పోన్రి, నవ్వుకుంట పోన్రి. దుప్పులు బెదిరి పోతె పోనీ, మంచిదేనాయె, వాటికి గూడ పానం దక్కుతది.

దుప్పిని కాపాడుడు నీ పని, నేనెందుకు కాదంట. నాకైతె ముందుగాల నువ్వుండాలె. దా, ఇట్ల దగ్గరికి దా, నెత్తిమీద చెయ్యి పెట్టనీ. సల్లగుండు. పోయినంత దూరం పోయి, మాపటికి ఇంటికి రా బిడ్డా.