డ్రమ్ముకు పెట్టే వాల్వు

హలో… ఆ, నేనే. శశికళనే. షెడ్డు ఫోను ఇంకెవురు ఎత్తుతారు?

…ఓహో, మోహన్‌కుమార్ బావనా! నేను చేస్తే ఎత్తవు, నెల నుంచి బ్లాకులో పెట్టినావు. ఈపొద్దు నేను గుర్తొచ్చినానా?

…యాడ?

…సోమేనహళ్ళి కాడనా. పాత కార్ల ర్యాలీ నడిమధ్యలో. అయ్యో పాపం.

…నవ్వలేదు బావా. దగ్గు.

…సరే, అంబాసిడర్‌కి ఏమయ్యింది? ముందర చక్రాలు పట్టుకున్నాయా? ఒగటేనా, రెండూనా?

…రెండూ. పొగ వస్తాండాది. పెడలు రాయి మాదిరి ఉండాది. కాలు తీసినా బ్రేకు వదల్దు. అంతే గదా?

…చూడకుండా ఎట్ల చెప్పినానా? పోయిన నెల చిక్కబళ్ళాపురంలో ఇదే గదా అయ్యింది! అప్పుడు మైకు పట్టుకొని ఏమన్నావు? "మా మామ కూతురు డ్రమ్ములు తీసి డిస్కు బ్రేకులు వేసింది, చూడండి దీని పనితనం" అనలే? జనమంతా ఇకిలించలే? మా నాయన ముందర కుర్చీలో కూచోని తల వంచుకున్నాడు. అది చూసి నాకు ప్రాణం పోయింది.

…మర్చిపోవాల్నా! జంగమకోటె పట్టు వ్యాపారి మర్నాడే వచ్చి నా షెడ్డులో ఉండే తన బండిని తోలుకొని పోయినాడు. "బ్రేకంటే ప్రాణం గదమ్మా" అన్నాడు. చింతామణిలో నన్ను నమ్మి సైకిలు గూడా ఇచ్చేవాళ్ళు లేరిప్పుడు. బానెట్టు ఒగసారి తెరిచి చూపించు బావా అని నీ కాళ్ళావేళ్ళా పడితి. తెరిస్తివా?

…ఉండు. ఏమది బుస్సుమనేది? నీళ్ళా? చక్రం మింద నీళ్ళు పోస్తాండారా? ఆపమను! కాగిన డిస్కప్పా అది, పగుల్తాది!… ఆపినారా?

…చెప్తా, చెప్తా. తొందరేల? బండి యాడికీ పోదు గదా.

…ఇప్పుడు తెరువు బానెట్టు. మాస్టరు సిలిండరు చూడు. పెడలు తొక్కితే బ్రేకు నూనెను తోసేది అదే. నేను వేసిందానికి పైన తెల్ల ప్లాస్టికు డబ్బా ఉంటాది. ఉండాదా?

…నల్ల ఇనుప డబ్బానా?

…మళ్ళా చెప్పు బావా. చెవులకు ఇంపుగా ఉండాది.

…అది నీ బండి పాతది, డ్రమ్ము బ్రేకులది. దాని మూతిలో చిన్న వాల్వు ఉంటాది. కాలు తీసినా గొట్టంలో కొంచెం ఒత్తిడి నిలబెడ్తాది. డ్రమ్ముకు అది కావాల. డిస్కుకు అదే యముడు. ప్యాడు డిస్కును వదలకుండా రాసుకుంటా పోతాది, కాగుతాది, నూనె ఉబ్బుతాది, ఆఖరికి చక్రం పట్టుకుంటాది. అందుకే గదా నేను ఆ డబ్బాను పీకి, గోనెసంచిలో చుట్టి నీ డిక్కీలో వేసింది! మళ్ళా ఎందుకు పెట్టినారు?

…ఏందీ? పాత సామాను అట్లే ఉంటే ఇచ్చే ఒరిజినల్ మార్కులా?

…ఓ. డిస్కు చక్రం లోపల ఉంటాది, జడ్జీలకు కనపడదు. బానెట్టు కింద తెల్ల డబ్బా మాత్రం కనపడ్తాది, మార్కులు పోతాయి. అందుకని పాతది!

…థూ! మార్కుల కోసరం నా పేరు బజార్న పెడితివా!

…బతిమాలొద్దు. చక్రాలు విడిపించే దారి చెప్తా, ముందు నా పని కానీ. స్పీకరు ఆన్ చేసి ర్యాలీ వాళ్ళ మైకు కాడ పెట్టు ఫోను.

…పెట్టవా? సరే. పొగ చూసుకుంటా కూచో. నేను పెట్టేస్తాండా—

…ఆ. అట్ల రా దారికి. చెప్పు. "శశికళ వేసిన బ్రేకు సరిగ్గానే ఉండె. దాన్ని తీసేసి పాతది పెట్టింది మేము."

…ఇనపడలే.

…కన్నడలో గూడా చెప్పు. గౌరిబిదనూరు నుంచి వచ్చినోళ్ళకూ తెలియాల.

…ఆ! ఇప్పుడు నా కడుపు చల్లగయ్యింది బావా. చప్పట్లు కొట్టేదెవురు? కొట్టనీ, కొట్టనీ.

…చెప్తాండా గదా. ఆ నల్ల డబ్బా కింద గొట్టానికి నట్టు ఉండాది. గుడ్డ అడ్డం పెట్టుకో, నూనె పడితే రంగు లేచిపోతాది. స్పానరుతో అరచుట్టు సడలించు… పెడలు మింద కాలెవురిది? వొద్దు!… ఒత్తు అనలేదప్పా, వొద్దు అంటి! కాలు తీయమను!

…తీసినాడా. చిమ్మిందా నూనె? ఇప్పుడు బండిని తొయ్యండి.

…కదిలిందా! రెండు చక్రాలూ తిరుగుతాండాయా? చూసినారా అందరూ? తప్పు ఆ వాల్వుది. నాది గాదు.

…తోలొద్దు! దానికిప్పుడు బ్రేకే లేదు. తాడు కట్టి లాక్కోని రావాల.

…ఇంగొగటి చెప్పు బావా. ఆ పాతది బిగించిందెవురు? నీకు స్పానరు పట్టేది గూడా రాదు. మీ బాగేపల్లిలో మెకానిక్కు ఎవురన్నానా?

…ఎందుకప్పా నీళ్ళు నముల్తావు?

…ఎవురూ?

…మా నాయనా?

…నాకు పని నేర్పిచ్చిన మా నాయనా?

…పక్కనే ఉండాడా. ఫోనియ్యి. స్పీకరు అట్లే ఉండనీ.

…నాయనా.

…నువ్వేనా?

…అవును, నీకు తెలిసింది డ్రమ్ములే. డ్రమ్ములకు ఆ వాల్వు తీసే పనే లేదు. నాకర్థమయితాది. తెలియక బిగిస్తివి. అది గాదు నేనడిగేది. చిక్కబళ్ళాపురంలో బావ నన్ను తిడ్తాంటే, "బ్రేకు విప్పింది నేనప్పా" అని ఒగ మాట ఎందుకు అనలే?

…నీ చేతిలో తప్పు జరగదనుకుంటివా. తప్పుంటే కూతురిదే అనుకుంటివా.

…తల వంచుకున్నావే! నాకోసరం బాధపడతాండావని ఆ రాత్రంతా ఏడిస్తిని నేను. సిగ్గులేదా నాయనా నీకు?

…స్పీకరు ఆపాల్నా? నాది తప్పన్నప్పుడు ఊరంతా ఇనింది. ఒప్పనేదానికి మాత్రం గుట్టు కావాల్నా? ఆపొద్దు. "నా కూతురి పని సరైంది" అను. బావ చెప్పింది చాల్దు నాకు. నువ్వు చెప్పాల.

…ఇంటాండా.

…నాయనా?

…హలో… హలో?

పెట్టేసినాడు.

మునికృష్ణప్పా! నీ పెయింటు డబ్బా, నిచ్చెన తీసుకోని ఇట్ల రాప్పా. బోర్డు మింద "నారాయణస్వామి మోటార్ వర్క్స్" అని ఉండాది గదా… ఆ, నాయన పేరే. దాన్ని కొట్టేసి నా పేరు రాయి… రేపు గాదప్పా. ఇప్పుడే.