తలుపు ఊడొచ్చిన తీరు

శనివారం మధ్యాహ్నం మూడు గంటలు. తాళాల కొట్టులో ముగ్గురు స్నేహితులు: కొట్టు నడిపే అక్క, ఒంటిపూట బడి వదిలాక వచ్చిన టీచరు, బట్టలు కుట్టే చిన్ని. గల్లాపెట్టె మీద ఒక నవల. దాన్ని అక్క తాళం చెవితో కూడా ముట్టుకోవడం లేదు.

“దారంతో గడియ పడదు టీచరూ. ఇరవై రెండేళ్ళుగా గడియలు బిగిస్తున్నా. పడదంటే పడదు.”

“నవల్లో పడిందిగా అక్కా. వాడు బయట నిలబడి, తలుపు సందులోంచి దారం లాగాడు, లోపల గడియ టక్కున పడింది. లక్ష మంది చదివారు, ఒక్కరికీ అనుమానం రాలేదు.”

“లక్ష మందిలో గడియలు బిగించేవాళ్ళెంతమంది?”

“అదీ మాట! చూడు టీచర్, అక్కంతటి మనిషి చెప్తోంది. అది ఉత్త చెత్త పుస్తకం.”

“నువ్వు చదివావా చిన్నీ?”

“చివరి పేజీ చదివా. చంపింది మొగుడే. ఇంక ముందు మూడొందల పేజీలు దేనికి?”

“పెళ్ళి పెట్టుకున్న పిల్లవి. మొగుళ్ళ మీద రాస్తే కోపం రాదూ మరి.”

“టీచర్!”

“సరేలే. అక్కా, ఒకసారి వేసి చూద్దామా? దారం చిన్ని సంచిలో ఉంటుంది. నీ కొట్లో గడియలకేం కరువు.”

“నాకు తీరిక లేదు.”

“పొద్దుట్నించీ ఒక్క తాళం చెవి చేశావు. అదీ నాదే.”

“పడదన్నాగా! పడదు, పడదు, పడదు. ఎన్నిసార్లు చెప్పాలి?”

“ఎందుకక్కా అరుస్తావు? నవలేగా.”

“నవలైతే నవల గురించే మాట్లాడు.”

“నవల గురించే. అందులో భార్య బాత్రూంలో పడి చనిపోయింది. లోపల గడియ వేసుంది. తలుపు తీయడానికి ఎవర్నో పిలిచారు.”

“అయితే?”

“అయితే ఏం లేదు. ఫొటో స్టూడియో ఆయన భార్య పోయినప్పుడు బాత్రూం తలుపు తీసింది నువ్వే కదా అని గుర్తొచ్చింది.”

“ఆ మాట ఎందుకిప్పుడు టీచర్? రెండేళ్ళయింది. కాలు జారి పడిందని పోలీసులే అన్నారు.”

“నెలాఖరుకి నువ్వు చేసుకోబోయేది ఆయన్నే కాబట్టి, చిన్నీ. పోలీసులు అలా అన్నది అక్క చెప్పబట్టే. గడియ లోపల్నించే వేసుందని సంతకం పెట్టింది.”

“పెట్టాను. ఇప్పుడు రమ్మన్నా పెడతా. ఆ గడియ మీద దారం గీసిన గుర్తు గోరంత లేదు.”

“దారం సంగతి వదిలెయ్ అక్కా. అది అబద్ధమే అనుకో. నువ్వు వెళ్ళేసరికి అక్కడేం జరుగుతోంది?”

“ఆయన తలుపు పిడి పట్టుకుని రెండు చేతులా లాగుతున్నాడు, ఏడుస్తూ. ‘లోపల గడియ వేసుకుందక్కా, రావట్లేదు’ అన్నాడు.”

“నువ్వు లాగి చూశావా?”

“అంత మనిషి లాగితే రానిది...”

“లాగావా, లేదా?”

“లోపల ఆడమనిషి పడి ఉంటే తలుపు పట్టుకుని వేళ్ళాడుతూ కూచుంటానా? సుత్తి తీసి, తలుపుని గుమ్మానికి పట్టి ఉంచే బందుల పిన్నులు కొట్టేశా.”

“అంటే లాగలేదు.”

“...లేదు.”

“బళ్ళో పిల్లల్ని నిలదీసినట్టు ఏంటిది టీచర్? ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి తలుపుకి గడియ బయటికి పొడుచుకునే ఉందిగా! కాయితాల్లో రాసుకున్నాడు కూడా.”

“అప్పటికి తలుపు ఎక్కడుంది అక్కా?”

“గోడకి ఆనించి ఉంది.”

“ఎవరు ఆనించారు?”

“స్టూడియో ఆయనే. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని చూస్తున్నా. నా వీపు అటుంది.”

“అయితే గడియ గుమ్మంలోకి దిగి ఉండటం నువ్వు చూళ్ళేదు. తలుపు ఆనించాక ఆయనే బయటికి జరిపి ఉండొచ్చు.”

“చూడక్కర్లేదు టీచరూ. చేతికే తెలుస్తుంది.”

“ఏం తెలుస్తుంది?”

“చిన్నీ, కాసిని మంచినీళ్ళియ్యి.”

“తాగు. తాగి చెప్పక్కా. చేతికి ఏం తెలుస్తుంది?”

“బందులు తీస్తే తలుపు ఆ పక్కనే వదులవుతుంది. గడియ ఉన్న పక్క గుమ్మాన్ని కరుచుకునే ఉంటుంది. గుంజి, పక్కకి జరిపి తియ్యాలి. ఎప్పుడైనా అంతే.”

“ఆ రోజు?”

“ఆ రోజు... డబ్బా మూతలా వచ్చేసింది. రెండు పక్కలా ఒక్కసారే. బరువంతా నా చేతి మీద పడింది. వారం రోజులు మణికట్టు తిరగలేదు.”

“అక్కా!”

“కంగారులో అలా అనిపించిందేమో చిన్నీ. కంగారులో ఎన్నో అనిపిస్తాయి. గడియ వేసుందా అని ఇన్‌స్పెక్టరు అడిగితే, స్టూడియో ఆయన నా వంక చూశాడు. వేసుందన్నా. ఇన్నేళ్ళ పనిదాన్ని, లాగి చూడకుండానే ఊడబెరికానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

“అందుకేనా ఈ నవలంటే నీకంత మంట?”

“నవల తప్పే టీచరూ. ఇప్పటికీ అదే చెప్తా. వాడికి దారం దేనికి? నాలాంటిది ఒక్కతె పక్కనుంటే చాలదూ.”

“పద, స్టేషనుకి పోదాం. ఈ మాటే అక్కడ చెప్పు.”

“వస్తా. కొట్టు మూసి వస్తా.”

“చిన్నీ, నువ్వు కంగారు పడకు. పెళ్ళికి ఇంకా మూడు వారాలుంది. ఒంట్లో బాగాలేదనో, ఊరెళ్ళాలనో చెప్పి వాయిదా వేద్దాం. ఈలోగా ఆ ఇంటి గడప తొక్కకు, అంతే. వింటున్నావా? చిన్నీ?”

“మీ ఇద్దరికీ చెప్పొద్దన్నారు టీచర్.”

“ఏం చెప్పొద్దన్నాడు?”

“గురువారమే రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టేశాం. మూడు రోజుల్నించి నేనుంటున్నది ఆ ఇంట్లోనే.”