కేబుల్ పీకిన మొనగాడు

సెలవురోజు సాయంత్రం. మేనేజరుగారు ఇంటికొచ్చారు కదా, వరండాలో ఆయనకి మంచి కుర్చీ వేసి, తను మెట్టెక్కి నిలబడి అందుకున్నాడు ఇంటాయన. అదే ఆఫీసులో పనిచేసే ఆయన భార్య ఓ పక్కన కూర్చుని టీ చల్లార్చుకుంటోంది. ఆమె పక్కన ఆమె చెల్లెలు.

"నేను చేసిందేముంది సార్, సర్వర్ని ఆపి మళ్ళీ ఆన్ చేశాను, అంతే. మరదలికి అర్థమయ్యేలా చెప్తానుండండి. చూడమ్మా, సర్వర్ అంటే పెద్ద కంప్యూటరు. లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది, మొత్తం నడిపేది అదే. అది కుప్పకూలేటప్పుడు ఎందుకు కూలుతోందో తన డిస్కులో రాసుకునే ఓపిక కూడా దానికుండదు. అందుకని ఆ చివరి మాటల్ని నెట్‌వర్కు మీదుగా తన టేబుల్ మీది కంప్యూటరుకి పంపేలా మీ అక్క ఓ ఏర్పాటు చేసింది. పక్కింటి గొడవలు వినే సరదా ఆఫీసులోకి కూడా తెచ్చిందన్నమాట. పెట్టి వారం తిరక్కుండా సర్వర్ చచ్చి ఊరుకుంది. నీ ఏర్పాటే చంపింది, సర్వర్ రూమ్ తాళంచెవి ఇటివ్వమన్నారు సార్. న్యాయమే కదా. రేపట్నుంచి మీ అక్క ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుకుంటుంది."

"అక్క తప్పేనని తేలిందా బావా?"

"తేలేదేముంది, నేను చెప్పాను కదా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ తర్వాత కాదు, అంతకుముందు. సర్వర్ పోయాక నేను పరిగెత్తానని అందరూ అనుకుంటున్నారు. కాదు. నేను లిఫ్టులో ఉండగానే దాని ఫ్యాను చప్పుడులో తేడా పట్టేశాను."

"లిఫ్టులోకి వినబడిందా?"

"రెండంతస్తుల కిందికి. చెవులంటే అలా ఉండాలి. లోపలికెళ్ళి చూద్దును కదా, కేబుల్ లోంచి కెర్నెల్ మాటలు బుసబుసా పోతున్నాయి. ఆ తెగులు మిగతా మిషన్లకి అంటుకుంటే ఎవడిది బాధ్యత? ఒక్క లాగు లాగాను, కేబుల్ ఊడి చేతికొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కేబుల్ ఊడినా దారిలో ఉన్న మాటలు ఎక్కడికి పోతాయి? కొసని గుప్పిట్లో మూస్తే లోపల చేపపిల్లల్లా కొట్టుకుంటున్నాయి. నాలుక మీద పెట్టుకున్నాను సార్. చదివినట్టే అర్థమైపోయింది."

"రుచెలా ఉంది?" అంది మరదలు.

"చేదు. మీ అక్క రాసిందని అప్పుడే గుర్తుపట్టాను. మింగేసి, మంచి మాటొకటి కేబుల్లోకి ఊదాను. మన సర్వర్ సరే, సముద్రాల అవతల ఎన్నేళ్ళుగానో మూలపడ్డ మిషన్లు కూడా లేచి కూర్చున్నాయి. వాటి కెర్నెళ్ళన్నీ నాకు దండాలు పెడుతూ ఒకటే మెసేజీలు. చాలు బాబూ, పని చేసుకోండని నేనే కసిరాను."

మేనేజరు నవ్వి ఆమె వైపు తిరిగాడు. "మీ ఆయన్ని చూసి కొంచెం చొరవ నేర్చుకోమ్మా."

ఆమె కప్పు కింద పెట్టింది. "నేర్చుకుంటాను సార్. ఏమండీ, మీరు కేబుల్ లాగేటప్పటికి సర్వర్ నడుస్తోందా?"

"జామ్మని. పచ్చ లైట్లన్నీ వెలుగుతున్నాయి. చచ్చాక ఎవడైనా వస్తాడు, నేను బతికుండగానే పట్టుకున్నాను."

"సర్వర్ పలకట్లేదని సార్‌కి ఫోనొచ్చింది ఆ తర్వాతా?"

"సార్ ఫోన్ మోగేసరికే కేబుల్ నా చేతిలో ఉంది."

మేనేజరు నవ్వు ఆగిపోయింది.

"నా కంప్యూటరుకి చివరగా వచ్చినవన్నీ మామూలు మాటలే సార్," అందామె. "కూలిపోతున్నానని ఒక్క మాటా లేదు. ఎందుకు లేదని మీరడిగితే జవాబు తెలీక తల దించుకున్నాను. మూడు రాత్రులు నా పనిలోనే తప్పు వెతుక్కున్నాను. అది కూలనే లేదు. ఈయన కేబుల్ పీకి దాని నోరు నొక్కేశారు. తర్వాత కేబుల్ మళ్ళీ తగిలించి, ఆపి ఆన్ చేసి, ప్రాణం పోశానన్నారు."

"ఏమయ్యా," అన్నాడు మేనేజరు, "పీకావా, లేక ఇవన్నీ కోతలేనా? ఏదో ఒకటి చెప్పు."

ఆయన మెట్టు దిగాడు. "పీకాను సార్. నా లాప్‌టాప్ కేబులనుకుని..." గొంతు లిఫ్టు దాకా కాదు, పక్క కుర్చీకే వినపడలేదు.

మేనేజరు జేబులోంచి తాళంచెవి తీసి ఆమె కప్పు పక్కన పెట్టాడు. "మరి ఫిర్యాదుల ఫోన్లు?" అన్నాడు.

"ఈయనకివ్వండి. రెండంతస్తుల దూరం వినబడే చెవులు."

మరదలు బావ వైపు వంగింది.

"ఆ తర్వాత ఏమైంది బావా?"