చార్జరుకి బొట్టు పెట్టిన తిరపతమ్మ

తిరపతమ్మ అని ఒకావిడ ఉందంటమ్మా, చీరాలకి ఈవల మగ్గాల ఊళ్ళో. మంచిదే. కడుపులో ఏదీ దాచుకోదు, అనాల్సింది అనేస్తది. అందరూ అదే గొప్పగా చెప్తారు గానీ, అనేసినాక ఏమైద్దో ఎవరూ చెప్పరు, అది నేను చెప్తా ఇనండి. ఆమె మొగుడు మార్కండేయులు. ఆయన మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడంటే మగ్గం మాట్లాడాలే గానీ ఆయన మాట్లాడడు. ఒకరోజు ఏమైందంటే, పడుగు దారాల మధ్య నాడె ఇసురుతా ఇసురుతా ఉన్నవాడు అట్టనే పడుగు మీదకి ఒరిగిపోయాడంట. మగ్గం చప్పుడు ఆగిపోయిందేందా అని తిరపతమ్మ వంటింట్లోంచి వచ్చి చూస్తే ఇంకేముంది, గొల్లుమంది. మొహాన నీళ్ళు కొట్టి, ఆటో ఎక్కించి చీరాల తీసకపోయారు. డాక్టరు చూసి, గుండె కొట్టుకోవడంలో తేడా ఉందమ్మా, మందులు మానమాకండి, ఎప్పుడు తేడా చేస్తదో కాస్త కనిపెట్టుకోని ఉండండి అన్నాడంట. కనిపెట్టుకోని ఉండడమంటే ఎట్టా? ఆమెకి తెలిసిందల్లా ఒకటే. పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి, మగ్గం మీద ఉన్న మొగుడి రొమ్ముకి చెవి ఆనిచ్చి ఇనేదంట. ఏందే ఇది, ఎవరన్నా చూస్తే నవ్వుతారే అని ఆయన సిగ్గుపడి చచ్చేవాడు. నవ్వమాకండే, మీ మొగుళ్ళకి అట్టా అయితే తెలుస్తది మీకూ. రాత్రిళ్ళు కూడా అంతే, కునుకు పట్టేది కాదు, లేచి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేది.

మార్కండేయులికి ఒక చెల్లెలు, సుందరవల్లి. బాపట్ల అవతల ఇచ్చారు. అన్నకి అట్టా అయిందని తెలిసి పరిగెత్తుకుంటా వచ్చింది. వస్తా వస్తా ఒక వాచీ తెచ్చింది. టైము చూసుకునే వాచీ కాదు, ఇప్పుడొస్తున్నయ్యే, సెల్లుఫోను లాంటి వాచీలు, అది. అన్న చేతికి తనే కట్టి, ఇది నీ గుండెని కనిపెట్టుకోని ఉంటది అన్నాయ్, తేడా వచ్చిందంటే ఠంగుమని మోగుద్ది, వదినకి చెవి నొప్పి తప్పుద్ది అందంట. తిరపతమ్మ ఊరుకుంటదా? నా మొగుడి గుండె నేను ఇనుకుంటే మజ్జలో నీకేందే అంది. నీకు మొగుడు కాకముందే నాకు అన్న, ముందు నా వాటా తేల్చు అని ఆ పిల్ల. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా, సగం నువ్వే ఏలుకో పో అని ఈమె. వాళ్ళిద్దరూ ఎప్పుడూ అంతే అనుకో. ఒసే అంటే ఒసే అనుకుంటా, ఇరుగుపొరుగు వచ్చి ఇడదీయాలేమో అన్నట్టు అరుచుకోని, మళ్ళీ ఒకే కంచంలో ఆవకాయన్నం కలుపుకోని తినేవాళ్ళు. ఇది ఎక్కడ కొన్నావే వల్లీ అని వదిన అడిగితే, ఎక్కడైతే నీకెందుకు, పెట్టుకోమను అని మాట దాటేసిందంట. తిరపతమ్మ కూడా గట్టిగా అడగలా.

ఆ వాచీకి చార్జరని ఒకటుంది. నల్లగా, గుండ్రంగా, పెద్ద బొత్తాం అంత. దాని మీద చిన్న చిన్న గుంటలు, గుంటకొక బంగారు చుక్క. వాచీని దగ్గరకి తీసకపోతే టక్కున కరుచుకుంటదంట, చిన్న దీపం ఎలుగుద్ది, చార్జింగు ఎక్కుద్ది. అదీ సంగతి. ఆ వాచీ వచ్చినాక తిరపతమ్మ కంటికి నిద్ర వచ్చిందమ్మా. అది మోగలేదంటే ఆయన బాగున్నట్టే కదా అని ధైర్యం. వచ్చినోళ్ళందరికీ చూపించేది, మా ఆడబిడ్డ తెచ్చింది అని.

అట్టా ఉండగా దసరా వచ్చింది. మనిళ్ళల్లో దసరా అంటే ఏందో మీకు నేను చెప్పాలా? మగ్గం కడిగి, నాడెలు, కండెలు, ఆసు, ఆఖరికి ఆకురాయి కూడా వదలకుండా పసుపు కుంకం పెట్టి పూజ చేస్తాం. తిరపతమ్మ అన్నీ చేసి, ఆఖర్న మొగుడి చెయ్యి చూసిందంట. మగ్గం మాకు అన్నం పెట్టుద్ది, నిజమే, మరి ఆ మగ్గం మీద కూర్చునే మడిసిని కాపాడేది ఇది కదా, దీనికి పూజ లేకపోతే ఎట్టా అనుకుంది. వాచీ ఊడదీసి బొట్టు పెట్టింది. చార్జరు తెచ్చింది. చూస్తే బంగారు చుక్కలు, బొట్టు పెట్టడానికే చేసినట్టున్నయ్యి. పసుపు తడిపి, ఏలి కొసతో ఒక్కొక్క చుక్కకీ నిండా అద్ది, పైన కుంకం పెట్టి, దణ్ణం పెట్టుకుందంట, అమ్మా, నా పుస్తెలు నువ్వే కాపాడాలి అని. పూజలో పెట్టిన పనిముట్టు మర్నాడు దాకా ముట్టుకోం కదా, అది అట్టనే ఆరి గట్టిపడింది. మర్నాడు కొంగుతో పైపైన తుడిచి గూట్లో పెట్టింది.

ఆ, నవ్వుతున్నారు, మీకు తెలిసిపోయింది. నేను వరసగా చెప్తుంటే మీకు తెలుస్తది. చేసేదానికి ఎట్టా తెలుస్తది? భక్తిగా చేసిన పని మీద ఎవరికన్నా అనుమానం వస్తదా?

తర్వాత ఏమైందంటే, వాచీ చచ్చిపోయింది. చార్జరు కరుచుకుంటది గానీ దీపం ఎలగదు. ప్లగ్గు మార్చి చూశారు, పక్కింటోళ్ళ ప్లగ్గులో పెట్టి చూశారు. గట్టిగా ఆనడం లేదేమో అని రబ్బరు బ్యాండేసి బిగించారు. దాని మీద పచ్చడి బండ పెట్టి చూసిందంట తిరపతమ్మ, పచ్చడి బండ! ఊహూ. మళ్ళీ ఆమెకి నిద్ర పోయింది, మళ్ళీ చెవి ఆనిచ్చి ఇనడం మొదలు. తట్టుకోలేక వాచీ, చార్జరు కొంగున కట్టుకోని చీరాల పోయింది. సెల్లుఫోన్ల కొట్లో కుర్రోడు వాచీని అటూ ఇటూ తిప్పి, ఈ రకం చార్జర్లు మా దగ్గర లేవమ్మా, అయినా ఇది బాగా వాడిన వాచీ లాగుందే, పట్టీ అరిగింది, అద్దం మీద గీతలున్నయ్యి, సెకండ్ హ్యాండులో తీసుకున్నారా అన్నాడంట. అంతే. ఆ ఒక్క మాట చెవిలో పడింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఆమెకి అదే. ఎక్కడ కొన్నావే అంటే చెప్పలేదు కదా, అందుకా మాట దాటేసింది? ఎవరో వాడి అవతల పారేసింది తెచ్చి నా మొగుడి చేతికి కట్టిందా? నేను దాన్ని ఊరంతా చూపించుకున్నానా? ఇంటికొచ్చేసరికి ఉడికిపోతా ఉంది.

గడపలో చెప్పులు కూడా ఇప్పలేదంట, ఫోను కొట్టింది. ఏమే వల్లీ, తెస్తే కొత్తది తేవాలి, లేకపోతే ఊరుకోవాలి, ఎవరో వాడి పారేసిందాన్ని తెచ్చి మా మొహాన కొడతావా అంది. అది చచ్చి కూర్చుంది, మీ అన్న ప్రాణం నీకు అంత చవకయిందా, అంది. అదంతా ఇని, అన్నాయికి ఎట్టా ఉంది వదినా, అని మాత్రం అడిగిందంట ఆ పిల్ల. ఈమె అప్పుడన్నా ఆగొచ్చు కదా? ఆగలా. ఎట్టా ఉంటే నీకెందుకు, నీ పెట్టుపోతలు మాకొద్దు, నా గడప తొక్కమాక అని ఫోను పెట్టేసింది. ఇదివరకు అనుకునే మాటలు ఏరమ్మా, ఇది ఏరు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అనలేదు పెద్దోళ్ళు. ఆ మొగుడున్నాడే, మార్కండేయులు, గుంటలో కూర్చోని అంతా ఇన్నాడు. నాడె ఆపాడంట ఒక నిమిషం. తిరపతమ్మ ఏమన్నా అంటాడేమో అని ఇటు చూసింది. ఏమీ అనలా, మళ్ళీ నేసుకున్నాడు. అందరూ ఆమెనే అంటారు గానీ, నన్నడిగితే ఆ నోరు ఎంత పాపం చేసిందో ఈ మూగతనం కూడా అంతే చేసింది. చెల్లెల్ని అట్టా అంటుంటే, ఒసే ఆగవే అని ఒక్క మాట అనలేకపోయాడా మగోడు!

దీపావళి ఎళ్ళింది. ఆ ఇదియ తిథి నాడు తోబుట్టువు చేతన్నం తినాలి కదా అన్నదమ్ములు, ఏటా ఎళ్ళేవాడు ఆయన, కొత్త చొక్కా ఏసుకోని. ఈసారి చొక్కా ఏసుకోని గుమ్మంలో నిలబడి పెళ్ళాం మొహం చూశాడంట. ఎళ్తే ఎళ్ళు, నేనేమన్నా పట్టుకున్నానా అందంట ఈమె. అట్టా అంటే ఎళ్ళమనా, వద్దనా? చొక్కా ఇప్పి మేకుకి తగిలించి గుంటలో దిగాడు.

కార్తీకంలో ఒకనాడు నూలు కోసం చీరాల పోతే, అక్కడ కలిశాడు సుందరవల్లి మొగుడు భావనారాయణ. ఏం బావా, బోసి చేత్తో తిరుగుతున్నావు, వాచీ ఏదీ అన్నాడంట. పాడైపోయింది బావా అన్నాడు ఈయన. పాడైపోయిందా, వల్లి నాతో చెప్పలేదే అన్నాడు భావనారాయణ. ఏం జరిగిందో ఆయనకి తెలీదు, ఆ పిల్ల చెప్పుకోలేదు మొగుడికి కూడా. ఇదియ నాడు ఆకేసి, నీళ్ళు పెట్టి, పొద్దుగూకేదాకా గుమ్మంలోనే కూర్చుంది బావా, పిలవడానికి ఫోను చెయ్యవే అంటే చెయ్యనంది, ఆఖరికి ఆ అన్నం ఆవుకి పెట్టింది అన్నాడు. పనుండి రాలేకపోయా అన్నాడు ఈయన నేల చూస్తా. అప్పుడు చెప్పాడంట భావనారాయణ, అది వల్లి చేతి వాచీనే బావా, మీ అమ్మని తీసకపోయిన జబ్బు మీ ఇద్దరికీ వచ్చింది, నీకన్నా ముందు దానికే బయటపడింది, మా పిల్ల కొనిపెట్టింది వాళ్ళమ్మకి, నువ్వు మగ్గం మీద పడిపోయావని కబురు రాగానే చేతిది ఊడదీసింది, మరి నీకెట్టాగే అంటే, నా పక్కన మీరున్నారు, మా అన్న గుంటలో ఒక్కడే కూర్చుంటాడు అంది. చెప్తే నువ్వు పెట్టుకోవని చెప్పొద్దంది, ఇప్పుడు పాడైపోయిందన్నావు కాబట్టి చెప్తున్నా అన్నాడు.

మార్కండేయులు నూలు అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చాడంట. పెళ్ళాం ముందు నిలబడి, అది వాడిన వాచీయే, వాడింది వల్లి, అన్నాడు. అంతవరకే అన్నాడు. మిగతాది ఆమె గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. అప్పుడు తిరపతమ్మ, దానిది దానికి ఇచ్చేసి వద్దాం, బాగుచేయించుకుంటది, అని గూట్లోంచి వాచీ, చార్జరు తీసింది. దుమ్ము పట్టిందాన్ని ఎట్టా ఇస్తాం అని ఎండలోకి తెచ్చి తుడుస్తా ఉంటే ఆ గుంటల్లో పచ్చగా కనపడింది. గాజుకున్న పిన్నీసు తీసి గుచ్చింది. పసుపు పొడి రాలింది అరచేతిలోకి, కుంకం పొడి రాలింది. ఎవరి పసుపు? ఎవరి కుంకం? ఒక్కో గుంటా గీకి, ఊది, ప్లగ్గులో పెట్టి, వాచీ దగ్గరకి తీసకపోయింది. ఎలగకుండా ఉంటే బాగుండు తల్లీ అనుకుందంట ఆ నిమిషాన. ఎలగకపోతే తప్పు వాచీది అవుద్ది కదా. టక్కున కరుచుకుంది, దీపం ఎలిగింది. అప్పుడు ఏడ్చింది చూడు, పక్కింటోళ్ళు మార్కండేయులికి మళ్ళీ ఏమన్నా అయిందా అని పరిగెత్తుకొచ్చారంట.

ఆ మర్నాడే బయల్దేరారు ఇద్దరూ, పండ్లూ పూలూ పట్టుకోని. దారి పొడుగునా తిరపతమ్మ అనుకుంటానే ఉంది, తిడతది, తిట్టనీ, జుట్టు పట్టుకుంటే పట్టుకోనీ, నాకు జరగాల్సిందే అని. తీరా గుమ్మంలోకి పోతే సుందరవల్లి ఎదురొచ్చి, రండి వదినగారూ, రండన్నయ్యా, ఎండన పడి వచ్చారు అందంట. కాళ్ళకి నీళ్ళిచ్చింది. మంచం మీద దుప్పటి పరిచింది. తిరపతమ్మ చెప్పుకుంది, పసుపు సంగతి, కుంకం సంగతి, బుద్ధి గడ్డి తిన్న సంగతి, అంతా చెప్పుకుని చేతులు పట్టుకుంది. పోనీలెండి వదినగారూ, తెలియక జరిగింది, నేనేం మనసులో పెట్టుకోలేదు అంది ఆ పిల్ల, చేతులు నెమ్మదిగా ఎనక్కి తీసుకుంటా. మార్కండేయులు వాచీ తీసి చెల్లెలి చేతికి కట్టబోతే, వద్దన్నయ్యా, మీ దగ్గరే ఉండనీండి, మా పిల్ల నాకు ఇంకోటి కొంటానంది లెండి అంది. అన్నని ఎప్పుడైనా మీరు అని పిలిచిందా ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగినాక? ఆయన ఆ వాచీ పట్టుకోని అట్టనే నిలబడ్డాడు.

అన్నాలకి కూర్చున్నారు. ఎవరి ఆకు వాళ్ళకి ఏసింది. పప్పు, ఏపుడు, వంకాయ పులుసు, అడగకముందే వడ్డిస్తా ఉంది, ఒక్కటీ తక్కువ చెయ్యలేదు. ఏదో ఒకటి అంటే ఇది మళ్ళీ తిడతదేమో అని తిరపతమ్మకి ఆశ పుట్టింది పాపం. పాత పద్ధతిలో, ఏమే వల్లీ, పులుసులో ఉప్పు ఏడ్చిందా, ఇంతకాలానికి కూడా వంట రాలేదే నీకు అంది. అని, మొహంలోకి చూసింది. ఇదివరకైతే, తింటే తిను లేకపోతే లే, నీ మొహానికి అదే ఎక్కువ అనేది ఆ పిల్ల. ఇప్పుడేమందంటే, అయ్యో, చూసుకోలేదు వదినగారూ, ఒక్క నిమిషం, తెస్తానుండండి అంది. లోపలికి పోయి ఉప్పు తెచ్చి, చిన్న స్పూనుతో ఆకు పక్కన పెట్టింది. పులుసులో ఉప్పు సరిగ్గానే ఉందమ్మా. అయినా తిరపతమ్మ ఆ ఉప్పంతా కలుపుకోని, ఒక్క మెతుకు వదలకుండా తిన్నదంట.

అదమ్మా సంగతి. ఆ వాచీ ఇప్పటికీ శుబ్బరంగా పనిచేస్తుందంట, మార్కండేయులు కూడా బాగానే ఉన్నాడు. ఆడబిడ్డ పండక్కి పిలిస్తే వస్తది, పసుపు కుంకం తీసుకోని పొద్దుండగానే ఎళ్ళిపోద్ది, వంక పెట్టడానికేం లేదు. మీరు మీ ఆడబిడ్డలు నోరు చేసుకుంటారని నా దగ్గరకొచ్చి ఏడుస్తారు గానీ, చేసుకోనీండే. నోరు చేసుకునే దాంతో నాలుగు మాటలు అని, పడి, కాపరం ఎళ్ళదీయొచ్చు. మర్యాద చేసే దాన్ని ఏం చేస్తారు?