తాడు పట్టిన చెయ్యి

సూర్యలంక ఒడ్డున జాలర్లు వల లాగుతున్నారు. హైదరాబాదు నుంచి సముద్రం చూడవచ్చిన బ్లెస్సీ, వీడియో తీసే హడావిడిలో చెప్పులతోనే వల తాడు దాటేసింది.

"ఏంటమ్మాయ్ అది! మాకు కూడు పెట్టే తాడు, చెప్పులేసుకుని దాటతావా?" పెద్దాయన ఏడుకొండలు కసిరాడు.

ఆమె మొహం కందిపోయింది. గబుక్కున చెప్పులు విడిచేసింది.

"తెలీదు బాబాయ్, తప్పయిపోయింది. ఇప్పుడేం చెయ్యాలండి?"

"చేసేదేముంది? వచ్చి తాడు పట్టు."

అరగంటకు వల ఒడ్డెక్కింది. అరచేతులు మండుతున్నా ఆమెకు నవ్వాగలేదు. ఏడుకొండలు ఆమె దోసిలి నిండా చేపలు పోశాడు.

"నేను కొనలేదు కదండీ?"

"కొనేదేంటి? తాడు పట్టినోళ్లందరికీ వాటా ఉంటది. ఇప్పుడు తీసుకో నీ వీడియో."

దోసిట్లో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఏ చేత్తో తియ్యను బాబాయ్?"